పరాయి దేశంలో పలకరింపు

 

మన జహీరాబాద్ నుండి గల్ఫ్‌కు వెళ్లినవారికి ఒక సౌకర్యం ఉంది. జిద్దాలో దిగినా, దుబాయిలో దిగినా సలామ్ చెవిన పడుతుంది. భాష రాకపోయినా సగం బెరుకు అక్కడే పోతుంది. ఇప్పుడు మన పిల్లలు చదువుల కోసం ఇటలీ వంటి దేశాలకూ వెళ్తున్నారు. అలా వెళ్లిన ఒక అబ్బాయి ఫోన్‌లో నన్ను అడిగాడు: "మౌలానా సాబ్! మా బిల్డింగ్ మెట్ల మీద ఎదురైనవాళ్లు ‘బోన్‌జోర్నో’ అనేవారు. వాళ్లు ముస్లిములు కారు కదా, జవాబు చెప్పవచ్చో లేదో తెలియక తల దించుకుని వెళ్లేవాణ్ణి. ఇప్పుడు వాళ్లూ మానేశారు. ఆరు నెలలైంది, నా పేరు తెలిసినవారు అక్కడ ఒక్కరూ లేరు."

ఆ అబ్బాయి దైవభీతితోనే అలా చేశాడు, సందేహం లేదు. కాని పొరబడ్డాడు. బోన్‌జోర్నో అంటే ‘మంచి రోజు’ అని అర్థం. అందులో మన ధర్మానికి విరుద్ధమైనది ఏముంది? ఆ దేశంలో దుకాణంలో అడుగు పెట్టినా ముందు ఈ మాట అన్న తర్వాతే సరుకు అడుగుతారు. అనకపోతే మనల్ని భక్తిపరులనుకోరు, గర్విష్ఠులనుకుంటారు.

ఎవరైనా అభివాదం చేస్తే అంతకంటే మేలైన రీతిలో, లేదా కనీసం అదే విధంగా బదులివ్వమని అన్నిసా సూరా 86వ ఆయత్‌లో అల్లాహ్ ఆదేశించాడు. ఈ ఆయత్‌నే ఆధారంగా చూపి హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) యూదుడైనా, క్రైస్తవుడైనా, అగ్ని పూజారి అయినా సలామ్‌కు జవాబివ్వాలని చెప్పారు. ముస్లిమేతరులకు ‘అస్సలాము అలైకుమ్’ అని మనమే ముందుగా చెప్పే విషయంలో ధర్మపండితుల మధ్య అభిప్రాయభేదం ఉన్న మాట నిజమే. అది సలామ్ అనే పదానికి సంబంధించిన చర్చ. మంచి రోజు కోరడాన్ని, క్షేమం అడగడాన్ని అందులోకి లాగకూడదని నా అభిప్రాయం.

ఇటలీలో మరో మాట ఉంది, ‘చావ్’. (మన తెలుగు చెవికి ఇది మరోలా వినబడుతుంది, అది వేరే సంగతి.) వెనిస్ ప్రాంతపు భాషలో ‘నేను మీ దాసుణ్ణి’ అనే మాట అరిగి అరిగి ఇలా మారిందట. మనం అల్లాహ్‌కే దాసులం కదా అని ఆ అబ్బాయి దీనికీ భయపడ్డాడు. ఈనాడు ఆ అర్థంతో ఎవరూ అనడం లేదు, కనుక స్నేహితులతో అంటే తప్పు పట్టను. పెద్దలతో మాత్రం బోన్‌జోర్నోయే మర్యాద.

క్రీ.శ. 615లో మక్కా హింసను తాళలేక కొందరు సహాబాలు అబిసీనియాకు వలస వెళ్లారు. రాజు క్రైస్తవుడు, భాష పరాయిది. హజ్రత్ జాఫర్ (రజి) నజాషీ రాజు సభలో ప్రవేశించినప్పుడు సలామ్ చేశారు గాని సాష్టాంగపడలేదు. ఎందుకని అడిగితే, అల్లాహ్‌కు తప్ప ఎవరికీ సజ్దా చేయమని జవాబిచ్చారు. ఆయన తల వంచలేదు, అలాగని నోరూ మూసుకోలేదు. 628లో ఖైబర్ నాటికి మదీనా చేరేవరకు ఆ దేశంలోనే గౌరవంగా జీవించారు. అక్కడ తమకు మంచి పొరుగు దొరికిందని హజ్రత్ ఉమ్మె సలమా (రజి) చెప్పుకున్నారు.

ఆ అబ్బాయికి నేను ఇదంతా చెప్పాను. రేపటి నుండి నువ్వే ముందుగా పలకరించు బాబూ అన్నాను. ఫోన్ పెట్టేశాక నాకే సిగ్గేసింది. ఇస్లాంలో ఏ ఆచరణ మేలైనదని ఒకరు అడిగితే, అన్నం పెట్టడం, తెలిసినవారికీ తెలియనివారికీ సలామ్ చేయడం అని దైవప్రవక్త (సఅసం) సెలవిచ్చారు. మన ఊళ్లో తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ వినిపిస్తాయి. ఫ్యాక్టరీ పనులకు బీహార్ నుండి వచ్చిన కుర్రాళ్లు మన మసీదులోనే వెనుక వరుసలో నమాజ్ చేసి, మౌనంగా చెప్పులు వేసుకుని వెళ్లిపోతారు. మనం మనకు తెలిసినవాళ్లతో ముసాఫహా చేసుకుంటూ నిలబడి ఉంటాం.

పోయిన జుమా నాడు వారిలో ఒకరికి నేనే ముందుగా సలామ్ చేసి ఊరు అడిగాను. కతిహార్ అన్నాడు. ఏడాదిన్నరగా మన మసీదుకే వస్తున్నాడట.