మేడ మీద గది

బరంపురంలో మా ఇంటికి మేడ మీద ఒకటే గది. వేసవిలో ఉక్క, వానాకాలంలో ఓ మూల కారుతుంది. అయినా వచ్చిన చుట్టానికి మర్యాద చేయాలంటే మా ఇంట్లో ఉన్నది అదే. 2017 దసరాకి మా అప్ప కొడుకు ముంబయి నుంచి వస్తూ తనతో ఒక అబ్బాయిని తీసుకొచ్చాడు. ఇద్దరూ అప్పటికి నాలుగేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నారు. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, చెప్పనక్కర్లేకుండానే తెలుసు. మా వాడికి మేడ మీద గది ఇచ్చి, ఆ అబ్బాయికి వీధి గదిలో మంచం వేయించాను. మామూలు స్నేహితులే అయితే ఇద్దర్నీ పైకే పంపేవాణ్ణి. తెలుసు కాబట్టే విడదీశాను.

ఇరుగు పొరుగు వాళ్ళకు "మా వాడి స్నేహితుడు" అన్నాను. నాలుగు రోజులూ ఇద్దరికీ లోటు రానివ్వలేదు. ఒక్క మాట అడగలేదు, ఒక్క మాట అనలేదు. వాళ్ళు వెళ్ళాక, ఈ వయసులో నాకింత విశాల హృదయం ఉన్నందుకు లోలోపల సంతోషించాను కూడా. ఆ సంతోషం రెండేళ్ళు నిలిచింది.

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377వ సెక్షన్ విషయంలో తీర్పు ఇచ్చింది. ఇష్టపడి కలిసి ఉండే ఇద్దరు వయోజనులు నేరస్థులు కారంది. ఆ రోజు మా వాడు ఫోన్ చేసి చాలాసేపు వానల గురించీ నా మోకాళ్ళ గురించీ మాట్లాడి పెట్టేశాడు. నేనూ ఆ తీర్పు ఊసెత్తలేదు. మరుసటేడు నాకు డెబ్బై నిండాయి. "మావయ్యా, ఎప్పట్నుంచో భూటాన్ చూడాలంటున్నావు కదా, మాతో రా" అన్నాడు. 'మాతో' అనడం నేను గమనించాను.

ఏర్పాటు చేసింది వాళ్ళలాంటి జంటల కోసమే యాత్రలు నడిపే ఒక సంస్థ. మా వాళ్ళు కాక మరో మూడు జంటలు, నేను. పంపిన కాగితంలో దుస్తులు, మందులు, పర్మిట్‌కు కావలసిన ఫొటోలతో పాటు ఒక వాక్యం ఉంది. మీ గైడుకు మీ గురించి తెలుసు, ఆయన దగ్గర దాచనక్కర్లేదు అని. ఆ వాక్యాన్ని నేను చాలాసార్లు చదివాను. డబ్బు తీసుకునేవాడు ఇంత తేలిగ్గా ఇచ్చేస్తున్న మాట నేనెందుకు ఇవ్వలేకపోయానా అనిపించింది. ఆ వెంటనే, డబ్బు తీసుకుంటున్నాడు కాబట్టే ఇస్తున్నాడులే అని సర్దుకున్నాను.

హౌరా దాకా ఒక బండి, సియాల్దాలో మరో బండి పట్టుకుని హాసీమారాలో దిగాం. అక్కడి నుంచి జయగావ్. గేటు దాటితే ఫుంత్‌షోలింగ్, భూటాన్. రైల్లో మా వాడు ఒక సంగతి చెప్పాడు. మనం దాటబోయే ఆ గేటుకు అవతల ఇది ఇంకా నేరమే అని. భూటాన్ 2004లో రాసుకున్న శిక్షాస్మృతిలో 213వ సెక్షన్ దీన్ని ప్రకృతి క్రమానికి విరుద్ధం అంటుంది. శిక్ష నెల నుంచి ఏడాది లోపు. మనకు 1860లో తెల్లవాడు పెట్టిన మాటలే అవి. మనమంటే పరపాలనలో ఉన్నాం, పెడితే పడ్డాం. ఏనాడూ ఎవరి కిందా లేని దేశం ఆ మాటల్ని ఎందుకు అరువు తెచ్చుకుందో నాకిప్పటికీ అర్థం కాదు. ఆ సెక్షన్ కింద ఎవరినీ శిక్షించిన దాఖలా లేదని కూడా మా వాడే చెప్పాడు. ఎవరూ వాడని కత్తి అన్నమాట. వాడకపోయినా గోడకు వేలాడుతూనే ఉంది.

1974లో గాని ఆ దేశం బయటివాళ్ళకు తలుపు తియ్యలేదు. తీసినా ఎవరు పడితే వాళ్ళు పోయి తిరగడానికి లేదు. మేం వెళ్ళిన రోజుల్లో విదేశీయుడు సీజన్లో రోజుకు తక్కువలో తక్కువ 250 డాలర్ల లెక్కన ముందే కట్టి, గైడుతో తిరగాలి. మనకు అప్పట్లో ఆ రుసుము లేదు. 2020 నుంచి మనకూ రాత్రికి 1,200 రూపాయలు పెట్టారు. అంటే ఆ దేశంలో అతిథి అన్నవాడు మొదట్నుంచీ లెక్కలో ఉన్న మనిషి. అతని వెంట అప్పట్లో ఎప్పుడూ ఆ దేశపు మనిషి ఒకడు ఉండేవాడు. మా వెంట వచ్చినవాడికి ముప్ఫై దాటి ఉంటాయి. మోకాళ్ళ దాకా ఘో, పొడుగు మేజోళ్ళు, చక్కటి హిందీ. టెలివిజన్ 1999లో గాని రాని దేశంలో ఇంత హిందీ ఎక్కడిదంటే, సినిమాలు సార్ అన్నాడు.

థింఫూ హోటల్లో కౌంటరు దగ్గర కూర్చున్న అమ్మాయి మా వాణ్ణి, ఒక పెద్ద మంచమా, రెండు చిన్న మంచాలా అని అడిగింది. "ఒకటి చాలు" అన్నాడు. ఆమె రాసుకుని తాళం ఇచ్చింది. అంతే. నవ్వలేదు, తల దించుకోలేదు. అది ఆ పిల్లకు రోజూ అడిగే ప్రశ్న. నేను మాత్రం గోడ మీద రాజుగారి ఫొటో చూస్తూ నిలబడ్డాను. నా గది తాళం ఇచ్చిన సంగతి కూడా రెండోసారి చెబితే గాని వినపడలేదు.

పునాఖా వెళ్ళే దారిలో పొలాల గట్ల మీద నడిచి చిమీ ల్హాఖాంగ్ అనే చిన్న గుడికి వెళ్ళాం. 1499 నాటిదంటారు. ద్రుక్పా కున్లే అనే సిద్ధుడి పేరు మీద వెలసింది. తాగుతాడు, బూతులు పాడతాడు, అందులోనే ధర్మం చెబుతాడు. అతని పేరున ఆ ఊళ్ళో ఇంటింటి గోడ మీదా పురుషాంగం బొమ్మలు, రంగురంగులవి, రిబ్బన్లు కట్టినవి. గుడిలో పిల్లలు లేని ఆడవాళ్ళు వస్తే కొయ్యతో చేసిన దాన్ని తలకు తాకించి దీవిస్తారు. జీవితమంతా పిల్లలకు లెక్కలు చెప్పిన నాకు ఎటు చూడాలో తెలియలేదు. మా బృందంలో కుర్రాళ్ళు పగలబడి నవ్వారు. గైడు మాత్రం చెడును తరిమేందుకని నిమ్మళంగా వివరించాడు. శరీరానికి ఇంత సిగ్గుపడని ఊరు ఆ సెక్షన్‌ను ఎక్కడ దాచుకుంది అనుకున్నాను.

ఆ సాయంత్రం పునాఖా కోట దగ్గర, తండ్రి నది తల్లి నది అని పిలుచుకునే ఫో ఛూ, మో ఛూ కలిసేచోట, నేనూ గైడూ కూర్చున్నాం. కుర్రాళ్ళు వంతెన మీద ఫొటోలు తీసుకుంటున్నారు. మీ దేశంలో ఇప్పుడు ఏ ఇబ్బందీ లేదు కదా సార్ అని అడిగాడు. కోర్టులో లేదన్నాను. ఇక్కడో అన్నాను.

"గెస్టులకు ఏ ఇబ్బందీ రాదు సార్. నేను చూసుకుంటాను."

"మీ వాళ్ళకో?"

అతను చాలాసేపు నది వైపు చూశాడు. "మాది చిన్న దేశం సార్. అందరికీ తెలుసు. ఎవరూ ఏమీ అనరు." ఇంకాసేపాగి, "మా తమ్ముడు థింఫూలో ఉంటాడు. వాడు ఇంటికి వస్తే మా అమ్మ బాగా చూసుకుంటుంది. ఏమీ అడగదు" అన్నాడు.

నా నాలుగు రోజుల దసరాను అతను నాకే తిరిగి చెప్పినట్టయింది.

ఆ యాత్ర గురించి చెబితే బరంపురంలో నా మిత్రుడొకరు కోప్పడ్డారు. పరాయి దేశానికి పోయి మన గుట్టు చాటుకోవడమేమిటి, వాళ్ళ ఆచారం వాళ్ళది, అతిథి అణిగి ఉండాలి కదా అన్నారు. అందులో కొంత న్యాయం ఉంది. మా కుర్రాళ్ళు గుడుల్లో, కోటల్లో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోలేదు. ఎవరూ చెప్పకుండానే. (ఆ దేశంలో మగవాళ్ళు చేతులు పట్టుకుని తిరగడం మామూలే, అది వేరే సంగతి.) నన్ను కుట్టింది వాళ్ళు చాటుకోవడం కాదు. డాలర్లు కట్టినవాడికి పెద్ద మంచమూ, కన్న కొడుక్కి తల్లి మౌనమూ దొరకడం. అతిథిని ఆదరించడం సులువు. వారం రోజుల్లో వెళ్ళిపోతాడు. మన వంశం అతని మీద ఆధారపడి లేదు. ఆ లెక్కన ఆ యాత్రా సంస్థ ఇచ్చిన స్వాగతం అబద్ధమా? అబద్ధం కాదు. కానీ ఆ స్వాగతపు బరువు మోస్తున్నవాడు గైడు. మా వాళ్ళతో వారం రోజులు హాయిగా నవ్వుతూ తిరిగి, తన ఇంట్లో ఆ మాట ఎత్తలేని మనిషి.

బౌద్ధం ఏమంటుందని అడిగేవారుంటారు. ఒక్క జవాబు లేదు. వినయ పిటకం 'పండకులు' అనేవారిని సంఘంలో చేర్చుకోవద్దంటుంది. 1997లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇలాంటివారిని కలిసినప్పుడు దలైలామా, బౌద్ధుల శాస్త్రం ప్రకారం ఇది తప్పు నడతే అని చెబుతూనే వాళ్ళ హక్కుల్ని గౌరవించాలన్నారు. భూటాన్‌లోనే పుట్టిన జోంగ్‌సార్ ఖ్యెంత్సే రింపోఛే ఇంకో అడుగు ముందుకు వేశారు. సహించడం మంచిది కాదు, సహిస్తున్నామంటే అవతల తప్పేదో ఉందని మనం అనుకుంటున్నట్టే, కావలసింది గౌరవం అన్న అర్థంలో మాట్లాడారు. ఆ మాట నాకు తగలవలసిన చోట తగిలింది.

ఎందుకంటే సహించబడటమంటే ఏమిటో ఈ పత్రిక చదివేవారికి నేను చెప్పనక్కర్లేదు. 1936 ఏప్రిల్ 1న బరంపురం ఒరిస్సాలోకి వెళ్ళింది. అప్పటికి నేను పుట్టలేదు. పుట్టింది మొదలు ఇక్కడ నన్ను తెలుగు మాట్లాడవద్దని ఎవరూ అనలేదు, నిజం. ఇంట్లో మాట్లాడుకో, పెళ్ళిళ్ళలో పాడుకో, ఎవరికీ అభ్యంతరం లేదు. ఆఫీసులో దరఖాస్తు మాత్రం ఆ భాషలో పెట్టకు. మీ భాష ఉందని మాకు తెలుసు, మాకు తెలుసని మీకు తెలుసు, ఇంకా ఏం కావాలి? ఈ మంచితనం మీద మనం ఎన్ని సభల్లో చిరాకుపడ్డాం! 'అడ్డు చెప్పడం లేదుగా' అన్న మాటకు ఎన్నిసార్లు మండిపడ్డాం! సరిగ్గా ఆ మాటనే నేను మా అప్ప కొడుక్కి నోరు మెదపకుండా చెప్పాను, వీధి గదిలో మంచం వేయించి. రెండు బాధలూ ఒకటే అనడం లేదు. భాషకు తోడు ఇల్లంతా ఉంటుంది. మా వాడికి ఇల్లే లేకపోయింది.

మేం వెళ్ళిన ఏడాది జూన్‌లోనే ఆ దేశపు దిగువ సభ 213, 214 సెక్షన్లను తీసేయాలని తీర్మానించింది. ప్రతిపాదించినవారు ఆర్థిక మంత్రి నామ్‌గే షెరింగ్. దేశం పేరుకు ఇదొక మచ్చ అన్నది ఆయన వాదం. 2020 డిసెంబరు 10న ఉభయ సభలూ కూర్చున్నప్పుడు 69 మందిలో 63 మంది సవరణకు ఒప్పుకున్నారు. 2021 ఫిబ్రవరిలో రాజుగారి ఆమోదం వచ్చింది. వయోజనుల మధ్య స్వలింగ సంబంధాన్ని ఆ సెక్షన్ కింద లెక్కించరాదని రాశారు. పెళ్ళి సంగతి అక్కడా లేదు, ఇక్కడా లేదు. 2023 అక్టోబరు 17న మన సుప్రీంకోర్టు అది తాను ఇవ్వగలిగింది కాదంది.

భూటాన్ వార్త వచ్చిన రోజు గైడుకు వాట్సాప్‌లో శుభాకాంక్షలు పంపాను. మబ్బుల్లో దోచులా కనుమ ఫొటో ఒకటి తిరిగి పంపాడు. మాట ఏమీ రాయలేదు. వాళ్ళ అమ్మ ఏమైనా అడిగిందా అని రాసి, పంపకుండా చెరిపేశాను.

ఈ దసరాకి మా వాళ్ళిద్దరూ వస్తున్నారు. మేడ మీద కారే మూల బాగు చేయించి, పెద్ద మంచం పైకి ఎక్కించాను. మెట్లు ఇరుకు, నలుగురు మనుషులు కావలసి వచ్చారు. మంచం ఎవరికని పక్కింటాయన గోడ మీంచి అడిగాడు. మా వాళ్ళకి అన్నాను. ఆ రెండోవాడు మీకు ఏమవుతాడన్నాడు. స్వలింగమని మొదలయ్యే మాటలున్నాయి గాని, అవి డాక్టర్లవి, పోలీసులవి. మిగిలినవి తిట్లు. మేనల్లుడి భార్యను కోడలంటాం. ఇతన్ని ఏమనాలి? వచ్చాక పరిచయం చేస్తానులే అని లోపలికి వచ్చేశాను. పండగ ఇంకా పన్నెండు రోజులుంది.