ఆకుపచ్చ ఫ్యూజు

విజయవాడలో ఒక ట్రావెల్స్ కారుకి చీకటి పడితే జబ్బు చేసేది. హెడ్‌లైట్లు బాగానే వెలిగేవి. వెనక ఎర్రలైట్లు, నెంబరు ప్లేటు దీపం, మీటర్లో వెలుతురు మాత్రం ఉన్నట్టుండి పోయేవి. డ్రైవరు స్టీరింగు కింద ఫ్యూజుల పెట్టె మూత తీసి చూస్తే ఎర్ర ఫ్యూజులో సన్నటి తీగ తెగి ఉండేది. పది ఆంపియర్లది, చిల్లర డబ్బుల వస్తువు. కొత్తది గుచ్చగానే అన్నీ వెలిగేవి. ఒకరోజు నందిగామ దాకా, ఒకరోజు సూర్యాపేట దాకా, ఒక్కోసారి హైదరాబాదు వెళ్ళి తిరిగొచ్చేదాకా.

డ్రైవరు ఓనరుకి చెప్పాడు. "బండన్నాక ఫ్యూజులు పోవా? మార్చుకో. కిరాయి మాత్రం పోగొట్టకు" అన్నాడాయన. రెండోసారి చెబితే, "అన్నీ నీ చేతిలోనే ఎందుకు పోతాయిరా?" అని గద్దించాడు. మూడోసారి డ్రైవరు చెప్పలేదు. ఎర్ర ఫ్యూజుల పొట్లం ఒకటి కొని డాష్‌బోర్డులో పడేసుకున్నాడు.

పొట్లం అయిపోయిన రోజున కోదాడలో స్పేర్ పార్టుల కొట్టు కుర్రాడు ఆకుపచ్చ ఫ్యూజు చేతిలో పెట్టాడు. "ముప్పై ఆంపియర్లన్నా. చచ్చినా పోదు."

నిజంగానే పోలేదు. ఫోన్లు రాకపోయేసరికి ఓనరు కూడా బండి బాగుపడిందనుకున్నాడు.

ఒక రాత్రి హైదరాబాదు నుంచి తిరిగొస్తూ నందిగామ దాటాక, వెనక సీట్లో పెద్దావిడ "బాబూ, ఏదో ప్లాస్టిక్ కాలుతున్న వాసన" అంది. బండి పక్కకి తీసేసరికి తివాచీ కింద నుంచి పొగ వస్తోంది. డ్రైవరు అందరినీ దింపి, పరుగున వెళ్ళి బ్యాటరీ టెర్మినల్ ఊడబీకాడు. ప్రాణాలకేం కాలేదు. బండి మర్నాడు తాడు కట్టించుకుని ఆటోనగర్ చేరింది.

ఆటోనగర్లో వైరింగ్ మేస్త్రి ముసలివాడు. ఫ్యూజుల పెట్టె మూత తీసి, ఆకుపచ్చ ఫ్యూజుని బయటికి లాగి, అరచేతిలో పెట్టుకుని చూశాడు. అది చెక్కుచెదరలేదు.

"ఇది బతికి బండిని చంపింది" అన్నాడు. "సరే, ఎర్రది ఎప్పుడెప్పుడు పోయేది?"

"చెప్పలేం బాబాయ్. ఎప్పుడు పడితే అప్పుడు."

"ఎప్పుడు పడితే అప్పుడు పోదబ్బాయ్. పోయే ముందు ఏం చేశావో ఆలోచించు."

డ్రైవరు తల గోక్కున్నాడు. హోటల్ దగ్గర ఆగినప్పుడు. బస్టాండు దగ్గర ఎవరినో దింపినప్పుడు. చివరికి తట్టింది: బ్యాగులు తీసినప్పుడు.

మేస్త్రి తివాచీ ఎత్తాడు. ఫ్యూజుల పెట్టె దగ్గర మొదలై ఒక తీగ పొడుగునా కరిగి, పక్క తీగల్ని కూడా అంటించుకుని ఉంది. డిక్కీ తలుపు బందు దాకా అంతే. బందు దాటాక అదే తీగ కొత్తదానిలా ఉంది. కరెంటు ఎక్కడిదాకా విపరీతంగా పారిందో అక్కడిదాకానే తీగ కాలుతుంది. కాలిన చోటు ఎక్కడ ఆగితే తప్పు అక్కడ. బందు దగ్గర రబ్బరు వాషరు ఊడిపోయి ఉంది. తలుపు లేచి దిగినప్పుడల్లా తీగ రేకుకి రాసుకుని, తొడుగు అరిగి, రాగి బయటపడింది. రాగి బాడీకి తగిలినప్పుడల్లా షార్ట్.

"మొదట్లోనే తెచ్చుంటే బెత్తెడు తీగ మార్చి పంపేవాణ్ణి" అన్నాడు మేస్త్రి. "ఆ చిన్న దీపాలన్నీ కలిపినా మూడు నాలుగు ఆంపియర్లు దాటవు. వాటికి పది ఆంపియర్ల ఫ్యూజు పోయిందంటే దీపాల తప్పు కాదు, తీగ ఎక్కడో బాడీకి తగులుతోందన్నమాట. ఫ్యూజు దీపం కోసం కాదబ్బాయ్, తీగ కోసం. సన్న తీగకి ముప్పై పెడితే తీగే ఫ్యూజవుతుంది."

కొత్త తీగ లాగి, జాయింట్లకి టంకం వేసి, స్లీవు తొడిగి, బందు దగ్గర కొత్త రబ్బరు పెట్టాడు. పని అయిందని ఫ్యూజు గుచ్చేయలేదు. వెనక చిన్న బల్బులు ఊడదీసి, ఫ్యూజు ఉండాల్సిన చోట బ్రేకు లైటు బల్బు ఒకటి తగిలించాడు. ఇరవై ఒక్క వాట్లది. ఎక్కడైనా షార్ట్ ఉంటే అది భగ్గున వెలుగుతుంది, దాన్ని దాటి రెండు ఆంపియర్లైనా పారవు కాబట్టి ఏదీ కాలదు. లైట్ల స్విచ్చి వేసి, డిక్కీ ఎత్తి దించి, తీగల్ని చేత్తో ఊపి చూశాడు. మీటరు దీపాలకి పోయే కరెంటుకి బల్బు మసగ్గా మినుకుతోందే తప్ప ఒక్కసారి కూడా ఎగదన్నలేదు. అప్పుడు పది ఆంపియర్ల ఎర్ర ఫ్యూజు గుచ్చాడు.

బిల్లు చూసి ఓనరు డ్రైవరు మీద పడ్డాడు: "ముందే ఎందుకు చెప్పలేదు?"

మేస్త్రి స్క్రూడ్రైవరు తుడుచుకుంటూ అడిగాడు: "చెప్పినప్పుడు ఏమన్నారు?"

నీతి: కీడు ఉందని తెలిపేదాని నోరు మూయిస్తే కీడు పోదు, కనపడకుండా పెరుగుతుంది.

ఈ కథలో ఫ్యూజులు రెండు. ఒకటి పెట్టెలో ఉంది, రెండోది స్టీరింగు ముందు కూర్చుంది. ఎర్ర ఫ్యూజు తెగి చెప్పిన మాటే డ్రైవరు నోటితో చెప్పాడు. తిట్లు తిన్నాక అతనూ ఆకుపచ్చ ఫ్యూజులా తయారయ్యాడు: ఏం జరిగినా పలకడు. అతనిది తప్పు కాదనను, పది ఉన్నచోట ముప్పై గుచ్చింది అతని చెయ్యే. కానీ ఆ చేతిని అటు నెట్టింది ఓనరు కోపం. తెలివైనవాడినని కోదాడ కుర్రాడు అనుకుని ఉంటాడు, అలాంటి తెలివి రోడ్డు పొడుగునా దొరుకుతుంది.

మీకు కారుంటే ఒకసారి ఫ్యూజుల పెట్టె మూత తీసి చూడండి. ఏ గుంటలో ఎన్ని ఆంపియర్లో చాలా బళ్ళలో మూత మీదనో బండి పుస్తకంలోనో ఉంటుంది. ఫ్యూజు ఒకసారి పోతే అదే అంకెది పెట్టండి. రెండోసారి పోతే మూడోది కొనకుండా, పోయే ముందు ఏం చేశారో గుర్తు చేసుకుని, బండిని వైరింగ్ తెలిసిన మేస్త్రికి చూపించండి.