కూలి ధర్మము కాదు, బాకీ

ధ్యాన భాగములు: ద్వితీయోపదేశకాండము 24:14-22, మత్తయి 20:1-16, యాకోబు 5:4



మన పాలమూరు సీమకు వలస క్రొత్త కాదు. మన్ననూరు మీదుగా హైదరాబాదుకు పోవు శ్రీశైలము రోడ్డున ఏటేట మనవారు మూటలు కట్టుకొని పోవుచునే యున్నారు. వానను నమ్ముకొన్న చేను చేతికి రాకపోగా అమ్రాబాదు, అచ్చంపేట ప్రాంతముల పల్లెలును తండాలును మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు పుచ్చుకొని, హైదరాబాదుకు, పూనాకు, బొంబాయికి తట్టాపారా పట్టి పోయినవి. ఎన్ని ఆనకట్టలకు, ఎన్ని కాలువలకు, ఎన్ని మేడలకు పాలమూరు కూలీలు మట్టి మోసిరో! కూలివాని మాట మన ఇంటి మాట.

ఈ నెల మనము ఆలోచింపగోరు ప్రశ్న ఇది. దేశమంతటికి తెగులు వచ్చి పనులు నిలిచినప్పుడు, కూలివాని హక్కు కూడ నిలిచిపోవునా? లేక అట్టి దినముననే అది మరింత గట్టిపడునా?

2020వ సంవత్సరములో కరోనా తెగులు వచ్చినప్పుడు జరిగినది జ్ఞాపకము చేసికొందము. మార్చి 24 రాత్రి 21 దినముల లాక్‌డౌన్ ప్రకటింపబడెను. రైళ్లు నిలిచెను, పనులు నిలిచెను. మూతబడిన దినములకును యజమానులు కోత లేకుండ కూలి ఇయ్యవలెననియు, కూలీలను ఒక నెల ఇంటి అద్దె అడుగరాదనియు మార్చి 29న కేంద్ర హోంశాఖ ఉత్తరువు చేసెను. ఉత్తరువు మంచిదే. అయితే మే 18 నుండి అది తొలగిపోయెను. యజమానులును పనివారును కూర్చుండి మాటలాడుకొని తీర్చుకొనవలెనని జూన్ 12న సుప్రీంకోర్టు చెప్పెను. అప్పటికే పని స్థలము విడిచి కాలినడకన ఊరు చేరినవాడు ఎవరితో కూర్చుండి మాటలాడును?

మన రాష్ట్రమున చిక్కుకొన్న పరరాష్ట్రపు కూలీలకు మనిషికి 12 కిలోల బియ్యమును 500 రూపాయలును ఇయ్యవలెనని ప్రభుత్వము ఏర్పాటు చేసెను. దయగలవారు ఎందరో అన్నపు పొట్లాలు పంచిరి. అది మేలైన పని. దేవుడు దానిని మరువడు. కాని ఏప్రిల్ 29న సంగారెడ్డి దగ్గర కందిలో భవన నిర్మాణపు కూలీలు వీధికి వచ్చి అడిగినవి రెండు: మాకు రావలసిన కూలి, ఇంటికి పోవుటకు దారి. రెండు దినములకు, కార్మిక దినమైన మే 1న, లింగంపల్లి నుండి జార్ఖండులోని హటియాకు సుమారు 1,200 మందితో మొదటి శ్రామిక రైలు కదలెను. రైలు దొరకక నడచినవారిలో 16 మంది, మే 8న ఔరంగాబాదు దగ్గర పట్టాలమీద నిద్రించుచుండగా గూడ్సు బండి క్రింద ప్రాణములు విడిచిరి.

ఇక్కడ ధర్మమునకును బాకీకిని గల భేదమును మనము గుర్తెరుగవలెను. అప్పు తీర్చవలసినవాడు, అప్పిచ్చినవానికి పిడికెడు బియ్యము పెట్టి, పుణ్యము చేసితినని చెప్పుకొనిన ఊరివారు ఒప్పుదురా? బియ్యము ఇచ్చుట దయ. పని చేసిన దినములకు కూలి ఇచ్చుట దయ కాదు, అది బాకీ. మోషే ధర్మశాస్త్రము, కూలివాడు స్వజనుడైనను పరదేశియైనను, ప్రొద్దు గ్రుంకకమునుపే వాని కూలి ఇయ్యవలెనని విధించి, కారణము కూడ చెప్పినది. వాడు బీదవాడు, వాని ప్రాణము దానిమీదనే యున్నది. కష్టకాలము వచ్చినది గనుక తరువాత ఇత్తునని యజమానుడు అనవచ్చును. వాక్యము చూపు కారణమును బట్టి చూడగా, కష్టకాలము వచ్చినది గనుకనే ఆలస్యము కూడదు.

మరి పని చేయని దినముల మాట ఏమి? ద్రాక్షతోట ఉపమానము పరలోక రాజ్యమును గూర్చినదే గాని కూలి రేట్లను గూర్చినది కాదని మన మెరుగుదుము. అయినను అందులోని యజమానుడు సాయంకాలము వరకు వీధిలో నిలిచినవారిని సోమరులని తిట్టలేదు. ఎవరును పిలువనందున నిలిచితిమని వారు చెప్పగా నమ్మెను. ఆ రాత్రి వారి ఇంటను పొయ్యి వెలుగవలెనని ఎరిగినవానివలె నిండు దినపు కూలి ఇచ్చెను. 2020లో పని నిలిచినది కూలివాని దోషమువలన కాదు.

కొందరు అడుగుదురు: “చిన్న మేస్త్రీకి గుత్తదారుడు ఇయ్యలేదు, గుత్తదారునికి పైవాడు ఇయ్యలేదు, వాడు ఎక్కడనుండి తెచ్చును?” ఇది న్యాయమైన ప్రశ్నయే. ఒక్కని మంచితనముతో తీరని భారమును అందరును పంచుకొనవలెను. అందుకే చట్టము, అందుకే ప్రభుత్వ ధనము. అభ్యుదయ రాజకీయమనునది ఏ జెండా పట్టినను, భారమంతయు అడుగున ఉన్నవాని నెత్తికి జారకుండ చూచినంతవరకే ఆ పేరునకు తగును.

కాని తెగులు కాలమున దీనికి విరోధమైనదే తరచుగా జరుగును. ఇంగ్లాండులో 1348లో మహామారి వచ్చి జనులనేకులు చనిపోగా, బ్రతికిన కూలీలు ఎక్కువ కూలి అడిగిరి. వారు తెగులుకు ముందటి కూలికే పని చేయవలెనని 1351లో అక్కడి పార్లమెంటు శాసించెను. 2020 ఏప్రిల్ 17న గుజరాతు ప్రభుత్వము ఫ్యాక్టరీలలో దినమునకు 12 గంటల పనిని అనుమతించి, అదనపు గంటలకు రెట్టింపు కూలి అక్కరలేదనెను. అక్టోబరు 1న సుప్రీంకోర్టు దానిని కొట్టివేసి, అదనపు కూలి చెల్లింపుమనెను. ఆ కోర్టుకు పోయి అడిగినది ఒక కార్మిక సంఘము.

విశ్వాసి కార్మిక సంఘములో చేరవచ్చునా అని అడుగువారు మనలో ఉన్నారు. ఇంగ్లాండులోని టోల్‌పడిల్ అను పల్లెలో ఆరుగురు వ్యవసాయ కూలీలు, కూలి తగ్గించుచుండగా ఒక సంఘముగా కూడిరి. 1834లో వారికి ద్వీపాంతర శిక్ష విధించి ఆస్ట్రేలియాకు పంపిరి. ఆరుగురిలో ఐదుగురు మెథడిస్టులు. వారి పెద్దయైన జార్జి లవ్‌లెస్ వాక్యము బోధించువాడు. 1836లో వారికి క్షమాపణ దొరికెను. బిగబట్టిన కూలియే దేవుని చెవిని మొరపెట్టునని యాకోబు వ్రాసియుండగా, ఆ మొరకు మనుష్యులు తమ గొంతు కలుపుట పాపమెట్లగును?

మరియొక సంగతి. లాక్‌డౌన్ కాలమున 1 కోటి 4 లక్షలకు పైగా వలస కూలీలు స్వరాష్ట్రములకు మరలిరని 2020 సెప్టెంబరులో పార్లమెంటులో చెప్పిరి. దారిలో చనిపోయినవారెందరని అడుగగా, లెక్క లేదని చెప్పిరి. 1979లో చేసిన అంతర్రాష్ట్ర వలస కూలీల చట్టము అప్పటికి అమలులోనే యుండెను. వలస కూలివాని పేరు, ఫోటో గల పాసుపుస్తకము గుత్తదారుడు ఇయ్యవలెనని అది చెప్పెను. ఆ పుస్తకములు నిజముగా ఇచ్చియుండిన లెక్క దొరకెడిది. నూరు గొఱ్ఱెలను లెక్కించిన కాపరికే ఒకటి తప్పిపోయినదని తెలియును. లెక్కింపబడనివాడు తప్పిపోయినను వెదకువాడుండడు.

కాబట్టి మన పల్లె సంఘములు రెండు పనులు చేయవచ్చును. మొదటిది, పత్తి తీయించినను, కలుపు తీయించినను, గోడ కట్టించినను, కూలి ఆ సాయంకాలమే ఇత్తము. అంగడి నాటికి చూతమని త్రిప్పరాదు. అడవినుండి దిగి మన చేలలో పని చేయు చెంచు సహోదరునికిని ఇదే కొలత. రెండవది, సంఘపు పుస్తకములో బాప్తిస్మములు, వివాహములు వ్రాయుచున్నాము గదా. వలస పోవువారి పేరు, మేస్త్రీ పేరు, పని స్థలము, ఫోను నంబరు, తీసికొన్న అడ్వాన్సు, ఒప్పుకొన్న కూలి కూడ వ్రాసికొందము. మరల తెగులు వచ్చినను, ఎవరు ఎక్కడ చిక్కుకొనిరో, ఎవరికి ఎంత రావలెనో మనకు తెలియును.

హటియాకు పోయినవాడు మన నడుమ పరదేశి; బొంబాయిలో మన పాలమూరువాడు పరదేశి. ఐగుప్తును జ్ఞాపకము చేసికొనుడని ఇశ్రాయేలుకు చెప్పిన దేవుడు, మనము నడచిన రోడ్డును మనకు జ్ఞాపకము చేయును గాక. ఆమేన్.