ఇంజనాయిలును శౌచవిచారమును

ఆయుధపూజ నాడు కారును కడిగి, బానెట్టుపై పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టి, చక్రముల క్రింద నిమ్మకాయల నుంచి, కొబ్బరికాయ కొట్టి హారతి నిచ్చు గృహస్థునకు, ఆ వాహనము ముందుభాగమున, నేలకు జానెడెత్తున, మెకానిక్కులు ఛాంబరని పిలుచు లోహపాత్రలో మూడు నాలుగు లీటర్ల నూనె నల్లబడి యున్నదను సంగతి సాధారణముగ స్ఫురణకు రాదు. పదివేల కిలోమీటర్లకో, ఏడాదికో, ఏది ముందైన దానికి ఆ నూనెను, దానితోపాటు ఫిల్టరును మార్చవలెనని అనేకములగు కార్ల మాన్యువళ్లు చెప్పును. ఆ పనిని షెడ్డువారికి విడిచిపెట్టుట మన ఆచారము. ఇంటి ముంగిట తానే కారు క్రింద దూరి మార్చుకొనువాడు మనలో నరుదు. అట్టివాడు గోళ్లసందుల మసితో లోనికి వచ్చినపుడు, స్నానము చేయక పూజగది గడప త్రొక్కవలదని ఇంటివారు వారింతురు. వారించుట న్యాయమే. అయినను, మలిన మననేమి, శుద్ధి యననేమి యను ప్రశ్న సూటిగా ఎదురగు చోటు పూజగది కాదు, ఆ కారు క్రిందనే యని నా అభిప్రాయము.

నూనె నల్లబడుటను చూచి అది చెడినదని లోకులు తలంతురు. డీజిలు బండిలో పోసిన క్రొత్తనూనె కొలది దూరము నడచినంతనే నల్లబడును. యజమాని తాను మోసపోతినని కలవరపడును. కాని ఆ నలుపు దోషచిహ్నము కాదు. ఇంధనము మండినపుడు పుట్టిన మసి కొంత పిస్టను రింగులను దాటి క్రిందికి దిగును. నూనెలో కలిపియుంచిన కొన్ని ద్రవ్యములు ఒక్కొక్క మసికణమును చుట్టుముట్టి, అది మఱియొక కణముతో జతకూడకుండ, ఏ గోడకును అంటుకొనకుండ, తేలియాడునట్లు పట్టియుంచును. అవి లేనిచో ఆ మసియంతయు జిగటమడ్డియై సన్నని నూనెదారులను పూడ్చివేయును. దహనమునుండియే పుట్టు ఆమ్లములను కాల్షియము, మెగ్నీషియము మొదలగువాని క్షారములు అణచును. కావున ఇంజను గోడలు శుభ్రముగ నుండుటకును నూనె నల్లబడుటకును నడుమ విరోధము లేదు సరికదా, రెండవది మొదటిదానికి మూల్యము.

పతంజలి నియమములలో శౌచమునకు ప్రథమస్థానము నొసగెను. వ్యాఖ్యాతలు దానిని బాహ్యమనియు ఆభ్యంతరమనియు విభజించిరి. లోకవ్యవహారమున మాత్రము శౌచమనగా అంటకుండుట యను అర్థమే ప్రబలినది: ఎవనిని తాకక, దేనిని ముట్టక, దూరముగ నుండువాడు శుచి. ఈ లెక్కను దుకాణపు అలమారులో సీలు విప్పని డబ్బాలోని నూనెకంటె శుచియైనది లోకమున మఱియొకటి యుండదు; ఏ యంత్రమునకును అది యొక దినమైన ఉపకరించి యెఱుగదు. మలినమును తనలోనికి తీసికొని, తాను మోయునంత కాలము ఇతరమునకు సోకనీయకుండుట కూడ శౌచమే యని యంగీకరించినచో మన సాంఘికచరిత్రలో ఎందఱి చేతులను, ఎన్ని వృత్తులను మనము అశుచులని తప్పుగా లెక్కించితిమో మఱల తరచి చూడవలసి వచ్చును. మనము తరచి చూడకుండుటకు కారణము బహుశః అదియే.

ఆత్మకు మలినము ఆగంతుకమే గాని స్వాభావికము కాదని వేదాంతులందురు. నూనె విషయమున ఈ మాట చాలవఱకు చెల్లును: మసి, నీరు, లోహరేణువులు తొలగించినచో మూలతైలమున అధికభాగము మఱల పనికివచ్చును. కాని వేడికి నూనె కొంత స్వయముగ ఆక్సీకరణము చెందును, దానిలోని క్షారములు వ్యయమైపోవును; ఉపమానము ఇక్కడ తెగిపోవును. తెగినచోట దానిని అతికించుటకు ప్రయత్నింపను.

ఇక ఫిల్టరు. మనుస్మృతి పంచమాధ్యాయమున ద్రవ్యశుద్ధి ప్రకరణమున లోహములకు క్షారామ్లజలములును, ద్రవములకు దర్భలతో చేయు ఉత్పవనమును శుద్ధిసాధనములుగ విధింపబడినవి. ఋగ్వేద నవమమండలమంతయు గొఱ్ఱెయున్ని జల్లెడగుండ స్రవించు సోమమునకు అంకితము. వడకట్టుటను మన పూర్వులు ఇంత గౌరవించియుండగా, మోటారు నూనెకు వడపోత యేర్పడుటకు 1923 వఱకు, అమెరికాలో స్వీట్లాండు అనునతడు దానిని కల్పించువఱకు, వేచియుండవలసి వచ్చెను. నేటి ఫిల్టరులో మడతలు మడతలుగ నున్న కాగితమే ఉన్నియు దర్భయు. అయితే అందు నన్ను మిక్కిలి ఆకర్షించునది కాగితము కాదు, బైపాస్ వాల్వు. ఫిల్టరు పూడిపోయినను, చలిలో నూనె చిక్కబడి కాగితముగుండ చొరలేకపోయినను, ఒక చిన్న స్ప్రింగు ఒత్తిడికి లొంగి ఈ కవాటము తెఱచుకొనును. వడకట్టని నూనె తిన్నగ బేరింగులకు పోవును. మురికినూనె కొంత అరుగుదల కలిగించును. నూనెయే లేనిచో ఇంజను సీజగును.

ఇట్టి సడలింపునకు ఛాందోగ్యోపనిషత్తున ఒక కథ కలదు: కఱవుకాలమున ఉషస్తి చాక్రాయణుడు ఏనుగులవాడు తినుచున్న గుగ్గిళ్లను అడిగి, ఆ యెంగిలిని భుజించెను. వాడు నీరిచ్చినపుడు మాత్రము ఎంగిలియని త్రోసిపుచ్చెను. గుగ్గిళ్లు ఎంగిలి కావా యని వాడడుగగా, అవి తినకున్న ప్రాణము నిలువదనియు, నీరు కావలసినచోట దొరకుననియు సమాధాన మిచ్చెను. ఆపద్ధర్మమును చాటుగొని సర్వమును సడలించుకొనువారు ఈ కథలోని తొలిసగమునే స్మరింతురు. ఆ స్ప్రింగునకు రెండవసగము కూడ తెలియును: ఒత్తిడి తగ్గినంతనే కవాటము మూసికొనును.

ఇక నూనె మార్చు పని స్వల్పమే. బండిని సమతలముపై నిలిపి, ఇంజనును కొన్ని నిమిషములు నడిపించి, నూనె గోరువెచ్చనై, అడుగున పేరుకొన్నది కదలి కలసిన పిమ్మట ఆపి, క్రింద పళ్లెము నుంచి డ్రెయిన్ నట్టు విప్పవలెను. చల్లని ఇంజనునుండి దించినచో మడ్డి లోపలనే నిలిచిపోవును. జాకీ నొక్కదానినే నమ్మి కారు క్రింద దూరుట ఏ శాస్త్రమును సమ్మతింపదు, స్టాండ్లు పెట్టవలెను. పాతఫిల్టరు రబ్బరు వలయము ఇంజనుకు అంటుకొని మిగులలేదని చూచుకొని, క్రొత్తదాని వలయమునకు కొంచెము నూనె రాసి చేతితో బిగింపవలెను. నట్టుకు క్రొత్త వాషరు, డిప్‌స్టిక్కుపై రెండు గీతల నడుమ మట్టము: అంతే. పైగీతను దాటించుటయు అపరాధమే, క్రాంకుషాఫ్టు ఆ యధికమును చిలికి నురుగు చేయును.

పళ్లెములో మిగిలిన నల్లనూనెతో అసలు ప్రశ్న మొదలగును: ఈ మలిన మెక్కడికి పోవలెను? భాగవత నవమస్కంధమున, భగీరథునకు ప్రత్యక్షమైన గంగ రెండు సంశయములు తెలిపెను. నా వేగమును భరించువాడెవడు అనునది మొదటిది. దానికి శివుని జటాజూటము సమాధానమై, శిల్పులకును చిత్రకారులకును ప్రియమైన ఘట్టమైనది. మనుష్యులు నాయందు కడిగికొను పాపమును నేనెక్కడ కడిగికొందును అనునది రెండవది; దీనిని ఎవరును చిత్రింపగా నేను చూడలేదు. హరిని హృదయమున నిలిపిన సాధువులు నీయందు స్నానమాడి దానిని హరింతురని భగీరథుడు పలికెను. గంగ ఆ ప్రశ్నను దిగివచ్చిన పిమ్మట గాక, దిగుటకు పూర్వమే వేసినదను సంగతి గమనింపదగినది.

షెడ్డులో బండి నిచ్చి వచ్చువానికి ఈ ప్రశ్న వినబడదు. మూలనున్న డ్రమ్ము అతని బదులు మౌనము వహించును. అచటినుండి కాలిన ఆయిలు సెంట్రింగు చెక్కలకును, చెదపట్టు గుంజలకును పూతయై, వానకు కరగి నేలలోనికి దిగుటయు కలదు. కాలువలో పోసినచో చెరువు చేరును. లోహములతోను కాన్సరుకారకములతోను నిండిన ఈ ద్రవమును 2016 నాటి నిబంధనలు ప్రమాదకర వ్యర్థముల పట్టికలో చేర్చి, అనుమతి పొందిన శుద్ధికర్తలకే అప్పగింపవలెనని విధించినవి. ఇంట మార్చుకొనువాడు నట్టు వదులుచేయుటకు ముందే మూతగల డబ్బాను, దానిని పుచ్చుకొనువాని చిరునామాను సంపాదించుకొనవలెను. ఆ శుద్ధికర్తలు నీటిని తొలగించి, శూన్యపీడనమున బట్టీపట్టి, హైడ్రోజనుతో సంస్కరించి మూలతైలమును మఱల రాబట్టుదురు. భగీరథుని సమాధానమున మలినము హరియందు నశించును. ఇచట బట్టీ అడుగున మడ్డి మిగులును, దానిని తారులో కలిపి రోడ్లకు వేయుదురు. దీనిని శుద్ధి యనుటకంటె, మలినమును అపకారము తక్కువయైన చోట బంధించుట యనుట సత్యమునకు దగ్గర.