తడిసే తలుపు, చెడని స్పీకర్: ఆస్రవ నిర్జరల మీద ఒక విచారణ

కారు తలుపు పైకి గట్టిగా బిగించిన పెట్టెలా కనిపించినా, దాని లోపలి భాగం తడవడానికి సిద్ధపడి తయారైన చోటు. కిటికీ అద్దం కిందికి దిగి తలుపు లోపలికి వెళ్లాలంటే పైన సన్నని సందు ఒకటి ఉండక తప్పదు. ఆ సందు వెంబడి అమర్చిన రబ్బరు బీడింగు అద్దాన్ని ఒరుసుకుంటూ వాననీటిని చాలావరకు తుడిచివేస్తుందే గాని పూర్తిగా ఆపలేదు, ఆపుతుందని తయారీదారులు అనుకోనూ లేదు. అలా లోపలికి జారిన నీరు బయటి రేకు వెనుకగా దిగి, తలుపు అడుగంచున ఉంచిన రంధ్రాల గుండా నేలమీద పడిపోతుంది. ఈ తడి భాగానికీ, మనుషులు కూర్చునే పొడి భాగానికీ నడుమ లోపలి రేకు, దానిమీద జిగురుపట్టీతో అంటించిన ప్లాస్టిక్ షీటు అడ్డుగా నిలుస్తాయి. స్పీకర్‌ను బిగించేది సరిగ్గా ఈ సరిహద్దు మీదనే. దాని ముఖం పొడి వైపుకు, అయస్కాంతమూ తీగలు కలిసే కొనలూ ఉన్న వీపు తడి వైపుకు ఉంటాయి.

ఇటువంటి చోట ఉన్న వస్తువును కాపాడడం ఎలా అన్నది మెకానిక్‌ను అడగవలసిన ప్రశ్నే. అయినా దాని లోతుల్లోకి వెళితే, భారతీయ దర్శనాలలో జైనులు తక్కినవారికంటే నిశితంగా చర్చించిన సమస్య ఒకటి ఎదురవుతుంది: బయటి లోకంతో సంబంధం ఉంటేనే తన పని చేయగలిగినది, ఆ సంబంధం వల్లనే చెడిపోకుండా ఎలా ఉండగలదు? గాలిని కదపడం స్పీకర్ ధర్మం. గాలి వచ్చే దారిలోనే తేమ కూడా వస్తుంది కనుక, తేమ సోకని విధంగా దాన్ని అన్ని వైపులా మూసివేస్తే అది క్షేమంగానే ఉంటుంది, కాని పలకదు.

జైన ఆచార్యుడు ఉమాస్వాతి రాసిన తత్త్వార్థసూత్రం జీవం, అజీవం, ఆస్రవం, బంధం, సంవరం, నిర్జర, మోక్షం అని ఏడు తత్త్వాలను లెక్కించింది. జీవంలోకి కర్మ వచ్చి చేరడం ఆస్రవం, చేరినది అంటుకుపోవడం బంధం, కొత్తగా రాకుండా అడ్డుకోవడం సంవరం, ఇదివరకు చేరినదాన్ని రాల్చివేయడం నిర్జర. ఇక్కడ మరువరాని సంగతి ఒకటి ఉంది: తక్కిన దర్శనాలలో కర్మ అంటే చేసిన పని వదిలిన ముద్రో, సంస్కారమో, ఫలమో కాగా, జైనులకు అది పుద్గలం, అంటే అతి సూక్ష్మమైన జడపదార్థం. కాబట్టి నీరు లోపలికి రావడాన్నీ కర్మ లోపలికి రావడాన్నీ పక్కపక్కన పెట్టి చూడడం కవుల అలంకారం లాంటిది కాదు. జైన ఆచార్యుల దృష్టిలో రెండూ పదార్థం కదిలిన సందర్భాలే. జైన ఆగమమైన ఉత్తరాధ్యయన సూత్రంలో కేశి, గౌతములనే మునుల సంవాదం శరీరాన్ని పడవగా, జీవుణ్ణి నావికుడిగా చెప్పి, చిల్లులు పడిన పడవ ఆవలి ఒడ్డు చేరదని తేల్చింది.

ఆస్రవానికి కారణం యోగమని ఉమాస్వాతి నిర్ణయం. యోగం అంటే ఇక్కడ ఆసనాలూ ధ్యానమూ కాదు. మనస్సు, వాక్కు, కాయం అనే మూడింటి చలనం. తలుపు నిర్మాణం కూడా ఈ మాటనే బలపరుస్తుంది. వెనుక భాగంలో దించే వీలు లేకుండా జిగురుతో అతికించిన చిన్న అద్దాల చుట్టూ నీరు దిగే సందు ఉండదు. పైకీ కిందికీ కదిలే అద్దం ఉన్న చోటే సందు ఉంటుంది. నీరు రావడానికి తలుపు పాతబడడమో, దాని నాణ్యత తగ్గడమో మొదటి కారణం కాదు, అది తలుపుగా, కిటికీగా పనిచేయడమే కారణం. చలనం ఉన్నంతకాలం రాక తప్పదన్న సిద్ధాంతానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకడం కష్టం.

సంవరం అవసరమే, అందులో వాదం లేదు. ప్లాస్టిక్ షీటు ఒక మూల ఊడినా నీరు డోర్ ప్యాడ్ మీదికి, అక్కడినుంచి కాళ్ల కింది కార్పెట్ మీదికి చేరుతుంది. అయితే కారు తలుపుల విషయంలో కాపుదల తక్కువై జరిగే నష్టమే కాదు, ఎక్కువై జరిగే నష్టమూ ఉంది. శబ్దం బాగుండాలని రేకు మీద అంటించే బ్యూటైల్ షీట్లు అడుగు రంధ్రాలను కప్పివేస్తే, తలుపు తీసినప్పుడూ వేసినప్పుడూ లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినిపిస్తుంది. నిలిచిన నీరు పెరిగి, స్పీకర్ కింది అంచు దాకా వస్తుంది. స్పీకర్ వీపుకు గిన్నెలాగా తొడిగే స్పాంజి కప్పు కూడా ఇటువంటిదే. పై సగం మాత్రం ఉంచి కింది భాగం కోసివేస్తే అది గొడుగులా పనిచేసి కారే చుక్కలను పక్కకు మళ్లిస్తుంది. పూర్తిగా మూసిన కప్పుగా వదిలితే ఒకసారి లోపలికి వచ్చిన నీటికి బయటికి పోయే దారి ఉండదు, పైగా వెనుక గాలికి చోటు చాలక మంద్రస్థాయి శబ్దం పలచబడుతుంది. ఆ స్పాంజి కణాలు మూసుకుని ఉన్న రకమైతే నీటిని పీల్చదు, తెరుచుకుని ఉన్న రకమైతే పీల్చి పట్టుకుంటుంది. అప్పుడు రక్షణ కోసం పెట్టినదే స్పీకర్‌కు తడి గుడ్డ చుట్టిన పని చేస్తుంది.

ఆవిరి సంగతి మరింత చిక్కు. మచిలీపట్నం, విశాఖపట్నం వంటి సముద్రతీరపు ఊళ్లలో వాన లేని రోజున కూడా గాలి నిండా తేమ ఉంటుంది. ఏసీ వల్ల చల్లబడిన లోపలి రేకును ఆ గాలి తాకినప్పుడు ఆవిరి నీటి బిందువులుగా మారుతుంది. ఏ సందు నుంచీ నీరు దిగకుండానే తలుపు తడుస్తుంది. ఆవిరిని ఆపాలంటే గాలిని ఆపాలి, గాలిని ఆపితే స్పీకర్ పలకదు కనుక, ఇక్కడ మూత పరిష్కారం కాకపోగా, మూత లోపల పట్టిన చెమ్మ ఆరే అవకాశాన్ని తీసివేస్తుంది. కాగితపు కోన్ మెత్తబడడం, దాని చుట్టూ ఉన్న నురగ అంచు కొన్నేళ్లకు పొడిపొడిగా రాలడం, వాయిస్ కాయిల్ కదిలే ఇరుకు సందులో ఉక్కు భాగాలకు తుప్పు పట్టి గరగర మొదలవడం, రాగి తీగల కొనలకు చిలుం ఎక్కడం, ఇవన్నీ తడి రావడం వల్లకంటే తడి నిలవడం వల్లనే ముదురుతాయి.

రాకకూ నిలకడకూ ఉన్న ఈ భేదాన్ని జైన ఆచార్యులు చాలా ముందుగా గుర్తించారు. తత్త్వార్థసూత్రం ఆరవ అధ్యాయం ఆస్రవాన్ని రెండుగా విభజించింది. క్రోధ, మాన, మాయా, లోభాలనే నాలుగు కషాయాలు ఉన్నవాడికి కలిగేది సాంపరాయికం, అది అంటుకుని నిలిచి ఫలమిస్తుంది. కషాయాలు తొలగినవాడికి కలిగేది ఈర్యాపథం, అది వస్తుంది గాని అంటుకునే జిగురు లేక వెంటనే రాలిపోతుంది. దాని నిలకడను కాలంలో ఇక విడగొట్టడానికి వీలులేని అతి చిన్న అంశమైన సమయంతో కొలుస్తారు. అలా కషాయాలు తొలగిన వీతరాగుడు నడుస్తాడు, మాట్లాడతాడు, కాబట్టి అతనికీ ఆస్రవం ఉంది; బంధం మాత్రం నిలవదు. తలుపు అడుగున రంధ్రాలు పెట్టిన ఇంజనీరు ఈ సూత్రాన్ని చదివి ఉండకపోవచ్చు, కాని అతని లెక్క ఇదే.

నిర్జరలోనూ రెండు రకాలున్నాయి. కర్మ తన కాలం పండి తానే రాలడం అకామ నిర్జర, తపస్సు వంటి ప్రయత్నంతో రాల్చడం సకామ నిర్జర. అడుగు రంధ్రం తెరిచి ఉన్నంతకాలం నీరు తన బరువుతో తానే పోతుంది. బురదా ఎండుటాకులూ చేరి అది పూడినప్పుడు ఎవరో ఒకరు వంగి, సన్నని పుల్లతో శుభ్రం చేయవలసి వస్తుంది. స్పీకర్‌కు వెళ్లే తీగను నేరుగా లాగకుండా కొన కంటే కిందికి ఒక వంపు వదిలి పైకి తేవడం కూడా ఇటువంటి ముందుచూపే. తీగ వెంబడి జారిన చుక్క వంపు అడుగున ఆగి కిందికి పడుతుందే గాని ఎదురెక్కి కొనకు చేరదు.

దీనికి భిన్నమైన దృష్టి కుందకుందాచార్యుడిది. అనంతపురం జిల్లా కొనకొండ్లతో సంప్రదాయం ముడిపెట్టిన ఈ దిగంబర ఆచార్యుడు సమయసారంలో జ్ఞానిని బురదలో పడిన బంగారంతోనూ, అజ్ఞానిని బురదలో పడిన ఇనుముతోనూ పోల్చాడు; బురద రెండింటికీ ఒకటే, తుప్పు ఇనుముకే. ఈ దారిలో నీటిని మళ్లించడం కంటే వస్తువు స్వభావం ముఖ్యం. కాగితం స్థానంలో పాలీప్రొపిలీన్ కోన్, నురగ అంచు స్థానంలో రబ్బరు, కొనలకు బంగారు పూత వాడే తయారీదారులు తెలియకుండానే కుందకుందుడి పక్షాన ఉన్నారు. అయితే స్పీకర్ మొత్తాన్ని బంగారంతో చేయలేరు. అయస్కాంతాన్ని పట్టి ఉంచే భాగాలకు ఉక్కు కావలసిందే, ఉక్కుకు తుప్పు స్వభావమే. ఇనుము పాలు మిగిలి ఉన్నవారికి, అంటే దాదాపు అందరికీ, రంధ్రాలు పూడకుండా చూసుకునే పని తప్పదని ఒప్పుకుంటేనే కుందకుందుడి ఉపమానం ఆచరణకు ఉపయోగపడుతుంది. లేకపోతే అది తనను తాను బంగారమనుకునే ఇనుముకు సాకుగా మిగులుతుంది. ఆ ప్రమాదం మీద తర్వాతి దిగంబర పండితులు చాలానే చర్చించారు.

భగవద్గీత రెండవ అధ్యాయం ఆత్మను నీరు తడపలేదని చెప్పింది. అద్వైతి ఈ మాటను ఆధారం చేసుకుని, తడిసినట్టు తోచడం అధ్యాస, అంటే ఒకదాని ధర్మాన్ని మరొకదాని మీద ఆరోపించడం అని వివరిస్తాడు. అది నిష్క్రియమైన ఆత్మను గురించిన సమాధానం. పని చేస్తూ, కదులుతూ, పలుకుతూ ఉన్న దేహధారి ప్రశ్నకు అది నేరుగా తగలదు; తుప్పు పట్టిన స్పీకర్ ముందు నిలబడి తడి మిథ్య అనడం వల్ల శబ్దం బాగుపడదు. బౌద్ధుల సబ్బాసవ సుత్తం ఈ విషయంలో జైనులకు దగ్గర. ఆసవాలను, అంటే ఆస్రవాలను, విడిచే ఏడు ఉపాయాలలో నిగ్రహంతో పాటు సరిగా చూడడం, వివేకంతో వాడుకోవడం, ఓర్చుకోవడం, తప్పుకోవడం, తొలగించుకోవడం, భావన చేయడం కూడా అది చేర్చింది. మూసివేత ఏడింటిలో ఒక్కటి మాత్రమే.

సంపూర్ణమైన మూసివేతను జైనులు తోసిపుచ్చలేదు, దాని స్థానాన్ని మాత్రం కచ్చితంగా చెప్పారు. ఆత్మ ఎక్కే పద్నాలుగు మెట్లను గుణస్థానాలు అంటారు. పదమూడవ మెట్టున ఉన్న సయోగ కేవలికి సంపూర్ణ జ్ఞానం కలిగినా వాక్కాయాల చలనం మిగిలి ఉంటుంది, ఈర్యాపథ ఆస్రవమూ ఉంటుంది. ఆ కేవలి ఎలా పలుకుతాడన్న విషయంలో శాఖలకు ఏకాభిప్రాయం లేదు. ఇచ్ఛ ప్రమేయం లేకుండా వెలువడే దివ్యధ్వని అని దిగంబరులు, మనుషులు పలికే అర్ధమాగధి భాషే అని శ్వేతాంబరులు అంటారు. పలికినంతకాలం ఆస్రవం సాగుతుందన్నది మాత్రం ఇద్దరికీ సమ్మతం. పద్నాలుగవదైన అయోగ కేవలి స్థితిలో మూడు యోగాలూ ఆగి రాక పూర్తిగా నిలిచిపోతుంది. ఆ స్థితి ఐదు హ్రస్వాక్షరాలు పలకడానికి పట్టేంత సేపే ఉంటుంది, దాని వెంటనే మోక్షం. అందులో బోధ లేదు. తీర్థంకరుడు లోకానికి చెప్పవలసినదంతా పదమూడవ మెట్టు మీద, ఆస్రవం ఇంకా సాగుతూ ఉండగానే చెప్పాడు.