నీళ్లిచ్చిన చెయ్యి

గూడూరులో మా పిన్నిది మెయిన్ రోడ్డుకు రెండు వీధుల లోపలున్న పెంకుటిల్లు. బందరు బస్సుల హారను ఆ వంటింట్లోకి వినిపిస్తుంది. ఒక మధ్యాహ్నం ఇద్దరు కుర్రాళ్లు వచ్చి, మెడలో కార్డు చూపించి, "గ్యాస్ కంపెనీ నుంచమ్మా, చెకింగు" అన్నారు. ఎండన పడి వచ్చారని పిన్ని ముందు మంచినీళ్లిచ్చింది. తాగారు. తర్వాత పొయ్యి కింద వంగి చూసి, పైపు డేటు అయిపోయిందనీ, ఈ రాత్రికే ఏదైనా జరగొచ్చనీ చెప్పారు. కొత్తది బిగించి, డబ్బు తీసుకుని, పాత పైపు కూడా పట్టుకుపోయారు. దానికింకా రెండేళ్ల గడువుంది. ఆ పాత పైపు బిగించిన రోజు నేనక్కడే ఉన్నాను. ఏజెన్సీలో అడిగితే మేమెవర్నీ పంపలేదన్నారు.

పిన్ని డబ్బు మాట ఎత్తలేదు. "నీళ్లిచ్చానురా వాళ్లకి" అంది. ఆ మాట నన్ను వదలడం లేదు.

వాళ్లు చెప్పిందంతా అబద్ధమే అయితే ఇంత ఆలోచన అక్కర్లేదు. నారింజ రంగు సురక్ష పైపును అయిదేళ్లకోసారి మార్చాలన్నది నిజం. గ్యాస్‌తో జాగ్రత్తగా ఉండాలన్నదీ నిజమే. 1999లో దీపం పథకం కింద మహిళా సంఘాల వాళ్లకు కనెక్షన్లు ఇచ్చేదాకా మా వైపు చాలా ఇళ్లలో సరుగుడు కట్టెలు, పిడకలు, పొట్టు పొయ్యిలే. సిలిండరు వచ్చిన కొత్తలో అగ్గిపుల్ల గీయడానికి పిన్ని చెయ్యి వణికేది. ఆ భయంలోంచి ఏళ్ల తరబడి నేర్చుకున్న జాగ్రత్తనే వాళ్లు ఆమె మీదికి తిప్పారు. పైపు సంగతి పట్టనివాళ్లయితే "తర్వాత రండి" అని పంపేసేవాళ్లు. పట్టించుకున్న మనిషే మోసపోయింది. దాన్ని అమాయకత్వం అని ఎలా అనను?

ఇంగ్లండులో ఇంకో రకం మోసం. అక్కడ అసలు కంపెనీల మనుషులే గుమ్మంలో నిలబడి, మా కరెంటుకు మారితే బిల్లు తగ్గుతుందని తప్పుడు లెక్కలు చెప్పారు. 2013లో ఎస్‌ఎస్‌ఈ అనే కంపెనీకి ఆఫ్‌జెమ్ అనే నియంత్రణ సంస్థ కోటీ అయిదు లక్షల పౌండ్ల జరిమానా వేసింది. పేరున్న కంపెనీ గనక పట్టుకోగలిగారు. పేరు అరువు తెచ్చుకుని వచ్చినవాణ్ని పట్టుకోవడం ఎలా?

ఊళ్లో అందరూ చెప్పే మందు ఒకటే: ముక్కూ మొహం తెలియనివాళ్లకు తలుపు తియ్యొద్దు. ఆ మాట వినడం నాకు కష్టంగా ఉంది. కప్పలదొడ్డి నుంచి చీరల మూటతో వచ్చే నేతాయన, పాలబ్బాయి, మీటరు రీడింగు తీసే కుర్రాడు, వీళ్లంతా ఒకప్పుడు ముక్కూ మొహం తెలియనివాళ్లే. ఒంటరిగా ఉండే పిన్నికి లోకమంటే గుమ్మంలోకి వచ్చేవాళ్లే. డబ్బు వాళ్లు పట్టుకుపోయారు సరే, మిగిలిన మనుషుల్ని కూడా వదులుకోమని మనం చెబుతున్నామా?

వంటగ్యాస్‌కు సహజంగా వాసన ఉండదు. లీకయితే తెలియాలని కంపెనీలే మెర్కాప్టాన్ కలుపుతాయి. గ్యాసును కనిపెట్టే భారం ఇల్లాలి మీద వేయకూడదని ఎవరో ఆలోచించారన్నమాట. గుమ్మం దగ్గర ఆ ఆలోచన ఏమైంది? సిలిండరు ఇచ్చేటప్పుడు ఫోనుకొచ్చిన నంబరు చెప్పమ్మా అంటారు. తాను తానేనని ఆమె రుజువు చేసుకోవాలి. లోపలికొచ్చి పొయ్యి ముట్టుకునే మనిషి తానెవరో ఆమెకు రుజువు చేసే నంబరు ఎందుకు లేదు? మెడలో వేలాడే కార్డు ఎవరైనా అచ్చేయించుకోవచ్చు.

ఆ కుర్రాళ్ల గురించీ ఆలోచిస్తాను. గ్లాసు తిరిగి ఇచ్చేటప్పుడు ఆమె మొహం చూశారా? చూసి కూడా వంగారా?

మొన్న నేను వెళ్లినప్పుడు మీటరు రీడింగు అబ్బాయి వచ్చాడు. పిన్ని గడియ తియ్యలేదు. కిటికీ ఊచల్లోంచి ఎవరని అడిగింది. కాసేపటికి ఆ ఊచల మధ్యనుంచే నీళ్ల గ్లాసు బయటికి పెట్టింది. గ్లాసు పట్టక, కొంచెం ఒలికింది.