తెలుఁగు చెప్పఁగోరువారు

ఉన్నతపాఠశాలలోఁ దెలుఁగు బోధింపఁగోరు యువతీయువకులు ఛందోవ్యాకరణములు చదువుచున్నారు, అర్హతాపరీక్షలకు సిద్ధపడుచున్నారు. మంచిదే. కాని బాలుఁడు తన యింటినుండి తెచ్చిన మాటను తప్పని కొట్టివేయుటకు ఉపాధ్యాయునకు హక్కెక్కడిది? ఈ ప్రశ్నను వారి నే పరీక్షకుఁడును అడుగఁడు.

గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండి, సవరల బిడ్డలకుఁ జదువు చెప్పఁదలఁచి, ముందుగాఁ దామే సవరభాష నేర్చుకొనిరి. వారు వ్రాసిన ఆ భాషావ్యాకరణము 1931లో మద్రాసున అచ్చయినది. బిడ్డ మాటను గురువు నేర్చుట యనఁగా నిది.

వ్రాఁతభాష నేర్పవలదని మేమనము; గ్రాంథికము వదలలేని మేమెట్లందుము? ‘వచ్చిండు’ అని వ్రాసిన పిల్లవానికిఁ బుస్తకములోని ‘వచ్చాడు’ను నేర్పవలసినదే. అయినను మొదటిమాట వాని తల్లిది. దానిపై ఎఱ్ఱసిరా గీత పడి, తరగతియంతయు నవ్వినచో, వాఁ డా సంవత్సరము మరల నోరు విప్పఁడు.